ఖాళీ లారీకి పెట్టిన గురి

ఒక మనిషి కళ్ళు రెండూ పోగొట్టేశానని నమ్ముతూ నేను గడిపిన పది నిమిషాల కథ ఇది. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇది రాస్తుంటే ఇప్పటికీ అరచేతులు చెమటపడుతున్నాయి. చేతికింద రుమాలు పెట్టుకుని రాస్తున్నాను.

మా బాపుకు లారీ ఉంది. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మిల్లులకు వడ్ల బస్తాలు తోలుతాడు. కోతల కాలంలో మా రోడ్లు సగం రోడ్లు, సగం కల్లాలు. రైతులు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. పొద్దుగూకితే ఆ రాళ్ళు కనిపించవు. మా లారీ లైట్లేమో నీళ్ళు ఎక్కువైన చాయ్ రంగులో వెలిగేవి. బాపు ఏ రాయిని గుద్దుతాడోనని సాయంత్రమైతే నాకు ముద్ద దిగేది కాదు. నెల రోజులు పోరితే చివరికి ఎలక్ట్రీషియన్‌తో తెల్లటి ఎల్ఈడీ బల్బులు వేయించాడు.

ఆ బల్బుల డబ్బాలో ఒక కాగితం ఉంది. అచ్చయిన కాగితం కనిపిస్తే నేను చదవకుండా వదలను, మిర్చి బజ్జీల పొట్లమైనా సరే. ఎదుటి బండ్లవాళ్ళ కళ్ళు చెదరకుండా, బండిని గోడ ముందు నిలిపి లైట్ల గురి సరిచేసుకోవాలని అందులో ఉంది. ఎదుటివాళ్ళ కళ్ళు అన్న మాట నా గుండెలో దిగబడిపోయింది. ఆ సాయంత్రమే ఒక గోదాము గోడ ముందు లారీని పెట్టించి, టేపు, సుద్దముక్క, స్క్రూడ్రైవరు పట్టుకుని పనిలో దిగాను. లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద గీత గీశాను. వెలుతురు ఆ గీతకు జానెడు కిందే ఆగాలి.

"గింత కొలుసుడేంది బిడ్డా? లైటు పెడ్తున్నవా, ఇల్లు కడ్తున్నవా?" అన్నాడు బాపు.

"ఎదురుంగ వచ్చెటోళ్ళ కండ్లు ఖరాబైతే ఎట్ల బాపు?"

"మంచిదే గని, జర జల్ది కానియ్యి. నా కాళ్ళు గుంజుతున్నయ్."

గంటసేపు మరలు తిప్పాక వెలుతురు చెప్పినమాట వినే పిల్లలా గీత కింద ఒదిగి కూర్చుంది. ఇంటికొచ్చి డైరీలో మూడు పేజీలు రాసుకున్నాను. అందులో ఒక వాక్యం: 'ఇకనుంచి మా లారీ వల్ల ఏ ప్రాణికీ కంటికి హాని కలగదు.' ఆ పేజీని తర్వాత చించేశాను.

మర్నాడు మిరుదొడ్డిలో బస్తాలు ఎత్తేటప్పుడు నా లైట్ల ప్రతాపం చూద్దామని నేనూ వెళ్ళాను. తిరుగుదారిలో చీకటి పడింది. బాపు లైట్లు వేశాడు.

మొదట ఎదురైన ట్రాక్టరాయన తన లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు.

"మన లైట్లు నచ్చినట్టున్నయ్ బాపు," అన్నాను.

"గట్లనా," అన్నాడు బాపు అనుమానంగా.

తర్వాత కారాయన నాలుగుసార్లు ఆర్పి వెలిగించాడు. ఆ తర్వాత ఆటో డ్రైవరు తల బయటపెట్టి మా వంశం గురించి ఏదో అన్నాడు.

"గీయన గుడ మెచ్చుకున్నడా బిడ్డా?"

నేను ముందుకు చూశాను. వేపచెట్ల చిటారు కొమ్మలు ఆకు ఆకునా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కాకులు తెల్లారిందనుకుని లేచి అరుస్తున్నాయి. రోడ్డు మాత్రం అంతంతమాత్రంగా ఉంది.

"లైట్లు జర మీదికి కొడ్తున్నట్టు లేవా?"

"లేవు బాపు. నేను టేపుతోని కొల్చిన."

అప్పుడే వెనక సీటు మీద పెద్ద మూటతో ఒక బైకు ఎదురొచ్చింది. మా వెలుతురులోకి రాగానే గింగిరాలు తిరిగింది. బాపు బ్రేకు మీద నిలబడ్డాడు. బైకు రెండు రాళ్ళ సందులోంచి దూరి, కుడిపక్కనున్న వడ్ల కుప్పలో ముక్కు గుచ్చుకుంది. దాని మీది మనిషి కనిపించలేదు.

మా ఇంజను ఆగిపోయింది. కాకులూ ఊరుకున్నాయి. రోడ్డు మధ్యలో ఒక చెప్పు బోర్లా పడి ఉంది. లారీ దిగి కుప్ప వైపు పరుగెత్తాను.

కుప్పలోంచి గొంతు వచ్చింది. "నాకేం కనపడ్తలేదు. అంత చీకటైంది."

అంతే, ఆయన కళ్ళు నావల్లే పోయాయనుకున్నాను. మనుషుల ముఖంలోకి చూసే అలవాటు నాకు మొదటినుంచీ లేదు. అప్పుడూ ఆయన పాదాలే చూశాను. ఒకదానికి చెప్పుంది, ఒకదానికి లేదు. చూపు పోయిన మనిషి రెండో చెప్పు ఎలా వెతుక్కుంటాడని ఏడుపొచ్చింది.

మా వెనకే వస్తున్న బస్సు ఆగింది. జనం దిగి బాపును చుట్టుముట్టారు. బస్సు డ్రైవరు అందరికన్నా ముందున్నాడు.

"గవి లైట్లా, సూర్యుడా? గిట్ల ఎవడు పెట్టిండయ్యా?"

"నేనే పెట్టుకున్న. తప్పైందన్నా," అన్నాడు బాపు.

"గాయన కండ్లు పోతే లైసెన్సు పోతది, జైలు గుడ అయితది."

కిరాణా దుకాణంలో సబ్బు అడగడానికి కూడా చీటీ రాసిచ్చే మనిషిని నేను. అలాంటిది ఆ రోడ్డు మీద నా గొంతు బస్సు హారన్‌లా మోగింది.

"మా బాపుకేం తెల్వదు. సుద్దతోని గీత గీసి, టేపుతోని కొల్చి, జానెడు కిందికి నేనే పెట్టిన. గాయన కండ్లు తీసింది నేనే. నన్నే పోలీసులకియ్యిండ్రి."

డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, లారీ వెనక్కి వెళ్ళి, తీరిగ్గా తిరిగొచ్చాడు.

"గోడ కాడ పెట్టినప్పుడు బండిల ఎన్ని బస్తాలుండె చెల్లె?"

"ఒక్కటి గుడ లేకుండె."

"ఇప్పుడు?"

"నిండ ఉన్నయ్."

"ఎనక బరువు పడితే ముందల మూతి ఎటు పోతది?"

వెనక్కి తిరిగి చూశాను. పెళ్ళి భోజనం దిగమింగి కుర్చీలో వెనక్కి వాలిన పెద్దమనిషిలా ఉంది మా లారీ. వెనక కుంగింది, ముందు లేచింది. ఖాళీ బండికి నేను కుదిర్చిన గురి, బస్తాలెక్కగానే సరాసరి జనం కళ్ళల్లోకి లేచిందన్నమాట. బస్సు జనం పడీ పడీ నవ్వారు.

"నవ్వుడు తర్వాత అన్నా. గాయన్ను దవాఖానకు తీస్కపోదాం," అన్నాను ఏడుస్తూ.

డ్రైవరు కుప్ప వైపు మూడు వేళ్ళు చూపించాడు. "తమ్మీ, గివి ఎన్ని?"

"ఏవి ఎన్ని?" అంది కుప్ప మీది గొంతు.

నేను రోడ్డు మీద కూలబడ్డాను.

ఇంతలో వడ్లకు కాపలా ఉన్న ముసలమ్మ గొణుక్కుంటూ వచ్చింది. "నా వడ్లల్ల కూసోని గీ పంచాయితేంది? ముందుగాల మొకం మీది తువ్వాల తియ్యి కొడుకా." అని తనే ఒక్క గుంజు గుంజింది.

ఆయన దుబ్బాక నుంచి తువ్వాళ్ళ మూట తెస్తున్న నేతపనివాడు. చలికి తలకూ చెవులకూ ఒక తువ్వాల బిగించుకున్నాడు. పడ్డప్పుడు అది కళ్ళ మీదికి జారింది. భయంలో ఆయనకు తెలియలేదు, ముఖం చూసే ధైర్యం నాకు లేదు, బాపును తిట్టే హడావుడిలో జనానికి తీరిక లేదు.

తువ్వాల ఊడగానే ఆయన కళ్ళు విప్పార్చి మావైపు చూశాడు. మరుక్షణమే రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఇప్పుడు నిజంగనే పోయినయ్. ముందుగాల గా లైట్లు బంద్ చెయ్యిండ్రి."

ఇంత గొడవలో లైట్లు ఆర్పాలని ఒక్కరికీ తోచలేదు.

కాబట్టి నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా చేస్తున్న ప్రమాణం ఇది. బస్తాలెక్కని బండి లైట్లకు ఈ జన్మలో గురి పెట్టను. అలాగే, ఒక మనిషి కళ్ళు తీశానని పోలీసులకు లొంగిపోయే ముందు, ఎంత సిగ్గయినా సరే, ఒక్కసారి ఆయన ముఖం చూస్తాను.