డాక్టరుగారి హస్తవాసి

ఆ కంటి ఆసుపత్రిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డాక్టరు నుంచి గదులు ఊడ్చే మనిషి దాకా అందరికీ ఫ్యాక్స్ పిన్నే. ముందుగదిలో బల్ల, దాని మీద పసుపెక్కిన ఫ్యాక్స్ యంత్రం, వెనక పిన్ని. రోగుల కాగితాలు ఫ్యాక్స్‌లో వస్తే తప్ప ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రివాళ్ళు ముట్టుకోరు కాబట్టి ఈ కాలంలో కూడా ఇద్దరికీ పనుంది.

పాత ఫోన్ తీగ పీకించి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించినప్పటి నుంచి మొదలైంది తంటా. పొద్దున పంపినవి బుద్ధిగా వెళ్ళేవి. మధ్యాహ్నమైతే యంత్రం సగం కాగితం దగ్గర మొరాయించేది.

ఆ రోజు బెంచీ మీద దర్జీ తాత కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళకూ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించలేక కుట్టుమిషన్ మూలన పడేశాడు. రక్తపరీక్ష ఫలితం అప్పుడే వచ్చింది. భోజనాల వేళ దాటేలోగా కాగితాలు అందకపోతే ఆయన ఆపరేషన్ తేదీ ఇంకొకరికి పోతుంది. పిన్ని పంపింది, సగంలో ఆగింది. మళ్ళీ పంపింది, మళ్ళీ అదే పాట. ఫోన్ కంపెనీ మెకానిక్‌కి ఫోన్ కొట్టింది.

"వేగం తగ్గించండమ్మా. తప్పులు దిద్దే సెట్టింగ్ కూడా తీసేయండి."

"తప్పులు దిద్దేదాన్ని తీసేస్తే బాగుపడుతుందా? ఇదెక్కడి న్యాయం నాయనా?"

"ఇంటర్నెట్‌లో శబ్దం ముక్కలుగా వెళ్తుందమ్మా. ఓ ముక్క పోయినా మనుషులు సర్దుకుంటారు. ఫ్యాక్స్ సర్దుకోదు, అలుగుతుంది."

"మా ఆడపడుచూ అంతే. ఇంకేం చెయ్యమంటావు?"

"అదే లైన్ మీద ఎవరైనా వీడియోలు చూస్తున్నారేమో కనుక్కోండి. ముక్కలు పోయేది అప్పుడే."

"ఇక్కడెవరికయ్యా అంత తీరిక!" అని ఫోన్ పెట్టేసి, పిన్ని అతను చెప్పినవన్నీ చేసింది. యంత్రం మాత్రం చలించలేదు. ఇక డాక్టరుగారికే చెప్పాలని లేచింది. భోజనవేళ ఆయన లోపల గడియ వేసుకుంటాడు. తలుపు తట్టబోతుంటే లోపల్నుంచి ఓ ఆడగొంతు బావురుమంది.

"అత్తయ్యా! ఆ బిడ్డ మీ మనవడే! నన్ను నమ్మండి!"

వెనకే సీరియల్ సంగీతం హోరెత్తింది, ఆ వెంటనే ఎవరో గట్టిగా ముక్కు చీదారు. పిన్ని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రోజూ మధ్యాహ్నం డాక్టరుగారు ఎర్రటి కళ్ళతో బయటికొచ్చి, "అలర్జీ" అనడం గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాట అంటే పెద్దమనిషి పరువు పోతుంది, అనకపోతే తాత తేదీ పోతుంది. క్షణం ఆలోచించి తలుపు తట్టింది.

"డాక్టరుగారూ! మీరొచ్చి ఈ యంత్రం మీద ఓసారి చెయ్యి వెయ్యాలి. మీ హస్తవాసి మంచిదని అందరూ అంటారుగా!"

లోపల ఆడగొంతు టక్కున ఆగింది. "యంత్రానికి హస్తవాసేమిటి పిన్నిగారూ?"

"కంప్యూటర్ కూడా కట్టేసి మరీ రండి. మనసొక చోట, చెయ్యొక చోట ఉంటే పని జరగదు."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అయిష్టంగానే యంత్రం మీద చెయ్యి వేశాడు. అది కీచుమంది, గురగురలాడింది, కాగితాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మింగి, అందిందని చీటీ కక్కింది. దర్జీ తాత తడుముకుంటూ వచ్చి డాక్టరుగారి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. "మీ చేతిలో ఏదో ఉంది బాబూ!"

ఆ పైన మధ్యాహ్నం ఫ్యాక్స్ ఉన్నప్పుడల్లా పిన్ని తలుపు తట్టేది. డాక్టరుగారు అన్నం మధ్యలో వచ్చి, దిగులుమొహంతో యంత్రం మీద చెయ్యేసి నిలబడేవాడు. మరీ ఏడిపిస్తున్నానేమోనని పిన్నికి అప్పుడప్పుడు జాలేసేది. అయినా తట్టడం మానలేదు.

ఓ రోజు పొద్దున్నే, రోగులింకా రాకముందు, ఆయన పిన్ని బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పిన్నిగారూ, ఈ రోజు ఫ్యాక్స్‌లన్నీ ఇప్పుడే పంపేద్దామా?"

"ఏం బాబూ, హస్తవాసికి సెలవా?"

ఆయన నేల చూపులు చూశాడు. "మీకు అంతా తెలుసని నాకూ తెలుసులెండి. ఇవాళ అత్తయ్యకి నిజం తెలిసిపోతుంది."

పిన్ని కాగితాలన్నీ గబగబా దగ్గరికి లాక్కుంది.

"అయితే గడియ వేసుకోకండి. నా క్యారియర్ తెచ్చుకుని నేనూ వస్తా. తలుపు బయట నిలబడి ఎంతకని వినను? ఆ బిడ్డ మనవడేనో కాదో తెలీక నాకు నిద్ర పట్టడం లేదు!"