అతిథిగా వచ్చిన మృగం

మా అన్న చేతుల సంగతి నాకు ఆటలో తెలిసింది. ఈ మాట బంధువుల్లో ఎవరి దగ్గరా అనలేదు. అంటే, ముప్పై దాటిన ఆడది, ల్యాబులో ఉద్యోగం చేసేది, ఇంకా ఆ ఆటలేమిటని మా పెద్దమ్మ మొదలుపెడుతుంది. అసలు సంగతి పక్కకు పోతుంది.

మాది ఇంద్రేశం. కింద అన్నావదినలు, పైన అమ్మా నేనూ. నాది పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబు. అన్నది ఇంకో కంపెనీలో ప్రొడక్షన్ బ్లాకు. పొడులను ఘాటైన ద్రావకాలతో కడిగి ఆరబెట్టే పని, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే. మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క సరదా ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి ఆడే ఒక ఆట. ఎవరికి వాళ్లు ఒక పాత్ర పెంచుకుంటారు. అన్న కత్తి పట్టుకుని ముందుకు దూకేవాడు. నేను హీలర్‌ని, పడిపోయినవాళ్లను లేపేదాన్ని. ఆరేళ్లు లేపాను.

ఆ ఏడు మా ఆటలోకి ఒక మృగం అతిథిగా వచ్చింది. పెద్ద పెద్ద మృగాలను వేటాడే ఆట ఒకటి వేరే ఉంది. ఆ ఆటవాళ్లూ మా ఆటవాళ్లూ మాట్లాడుకుని, అక్కడి ఎర్ర రెక్కల మృగాన్ని రెండు నెలల పాటు మా లోకంలో వదిలారు. దీన్నే క్రాసోవర్ ఈవెంట్ అంటారు. చంపితే దాని పొలుసులతో కవచం చేసి ఇస్తారు. గడువు దాటితే మృగమూ ఉండదు, కవచమూ దొరకదు. అన్న ఆ కవచం బొమ్మ చూసిన రోజునుంచి ఇంకో మాట మాట్లాడలేదు.

అతిథే గానీ, మహాతల్లి తన ఇంటి పద్ధతులన్నీ వెంట తెచ్చుకుంది. మా ఆటలో ప్రతి శత్రువుకూ నెత్తిమీద ఒక పట్టీ ఉంటుంది, ఎంత ప్రాణం మిగిలిందో అందులో కనిపిస్తుంది. దీనికి పట్టీ లేదు. నడక చూడాలి, చొంగ కారుతోందా చూడాలి, కుంటుతోందా చూడాలి. ఎవరి మందు సీసాలు వాళ్లే మోసుకోవాలి. నలుగురిలో ఎవరు పడినా సరే, మొత్తం మూడుసార్లు పడితే వేట అందరికీ ముగిసినట్టే. హీలర్ లేపడానికి లేదు. నా విద్యంతా గంగలో కలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. మిగతా ఇద్దరూ అన్నతో పనిచేసే ఒడిశావాళ్లు, చిట్కుల్‌లో కిరాయికి ఉంటారు. నేను మా గదిలో, అన్న కింద, వాళ్లు అక్కడ. చెవులకు పెట్టుకున్న హెడ్‌సెట్‌లోనే మాటలు. ఆ మృగం తోక విసిరే ముందు మెడ తిప్పుతుంది. తిప్పగానే బటన్ నొక్కితే మన మనిషి దొర్లి తప్పించుకుంటాడు. మేం ముగ్గురం దొర్లేవాళ్లం. అన్న పడేవాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి, అంతే, వేట బంద్. అన్నీ అన్న పడినవే.

"అన్నా, మెడ తిప్పంగనే నొక్కాలె! సూస్తున్నవా, నిద్రవోతున్నవా?"

"నొక్కిననే! గీ బటన్ పనిజేస్తలేదు."

అన్న బటన్లు నొక్కే ఆ కంట్రోలర్ పైకి తెప్పించి నేను చూశాను. నిక్షేపంలా ఉంది. "బటన్ మంచిగనే ఉన్నది, నీకే ముసలితనం వచ్చింది" అన్నాను. చిట్కుల్ వాళ్లలో ఒకడు "దీదీ, భయ్యా కో మత్ డాంటో" అని, అన్నను తిట్టొద్దంటూ నవ్వాడు. మూడో ఆదివారం నాకు ఓపిక చచ్చిపోయింది. "ఇయ్యాల నువ్వు కూసో అన్నా, వేరేటోన్ని తీసుకుంటం" అన్నాను. కవచం కావాలని అందరికంటే ఎక్కువ ఆశపడ్డవాణ్నే పక్కన కూర్చోబెట్టాను. "సరే తియ్యి" అన్నాడు.

ఆడకపోయినా చూద్దామని కాసేపటికి పైకి వచ్చాడు. నేను తల తిప్పి చూసేసరికి గుమ్మంలో ఉన్నాడు, ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు.

"ఇంకో చెప్పేది?"

కిందికి చూసుకున్నాడు. చెప్పు మెట్ల మీద సగం దూరంలో పడి ఉంది. జారిపోయిన సంగతే అతనికి తెలియలేదు. వెనక్కి వెళ్లి తెచ్చుకుంటుంటే నడక చూశాను. బురదలో నడిచినట్టు పాదాలు ఎత్తెత్తి వేస్తున్నాడు. మూడు వారాలుగా ఆ మృగం కుంటుతుందేమోనని కళ్లు కాయలు కాసేలా చూస్తున్నదాన్ని, ఒకే ఇంట్లో ఉన్న అన్న నడక చూడలేదు. ఆట అట్లాగే వదిలేసి లేచాను.

"ఎన్ని రోజులసంది?"

"కాళ్లు మొన్నమొన్ననే. వేళ్లు మొద్దువారి ఆర్నెల్లయితుంది. నొక్కిన్నో నొక్కలేదో ఎరుకైతలేదే. మీ వదినెకు జెప్పకు, పరేషానయితది."

ముసలితనం వచ్చిందని అంతమందిలో అన్నదాన్ని నేనే. నా నోరు పడిపోను.

ఆ ద్రావకాల సంగతి నాకు తెలుసు, రోజూ తగిలితే నరాలు దెబ్బతింటాయి. మా ల్యాబులో గ్లవ్స్ లేకుండా సీసా మూత కూడా తీయం. రేపే ఆ బ్లాకులోంచి బయటికి రమ్మన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. ఆ నెలాఖరుకు వాళ్లను పర్మనెంట్ చేస్తున్నారు, దానికి ముందు డాక్టర్ పరీక్ష. "ఇప్పుడు జెప్తే రేపటిసంది రాకు అంటరు. పర్మనెంటయినంక ప్యాకింగ్‌ల వెయ్యమని అడుగుత. ఒక్క నెల ఆగు చెల్లె." నాకు అది న్యాయంగానే తోచింది. నెల రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

పరీక్ష ఎట్లా చేస్తారో అంతకుముందు వెళ్లినవాళ్లు చెప్పారు. కళ్లు మూసుకోమని దూదితో వేళ్లు తాకి, ఏ చేతిని తాకారో చెప్పమంటారు. తర్వాత మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడవమంటారు. నేను దూది తెచ్చాను. సాయంత్రాలు మేడ మీద, అమ్మ టీవీ చూసే వేళ, అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"కండ్లు మొత్తం ముయ్యకు. రెప్పల సందులకెల్లి డాక్టర్ భుజం సూడు. ఎటు వంగితే ఆ చెయ్యి అని జెప్పు. మృగం మెడ సూసినట్టే అనుకో."

"నీ అసొంటి గురువు ఉంటే మృగమేంది, డాక్టరేంది!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు గర్వంగా ఉండింది, అదీ నిజమే. బండల సందు గీత మీద నడిపించాను. తూలితే మళ్లీ మొదటినుంచి నడిపించాను. ఆటలో కూడా వెనక్కి పిలిచి, బొటనవేలి మొదలుతో నొక్కడం నేర్పాను. ఒక ఆదివారం ఆ మృగం కుంటింది, రెక్కలు ఈడ్చింది, పడిపోయింది. అన్న పెట్టిన కేకకు వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ వారంలోనే డాక్టర్ పరీక్ష. అన్న పాసయ్యాడు. పర్మనెంట్ అయ్యాడు. వదిన వీధంతా స్వీట్లు పంచింది.

"ప్యాకింగ్‌కు అడిగినవా?" అన్నాను వారం తర్వాత.

"నిన్నగాక మొన్న అయిన. ఇప్పుడే అడిగితే మంచిగుండదు."

దసరా పోనీ అన్నాడు. దసరా పోయాక పని ఒత్తిడి అన్నాడు. మొదట్లో వారం వారం అడిగేదాన్ని, తర్వాత నెలకోసారి, తర్వాత అడగడమే మానేశాను. అడిగినప్పుడల్లా ఆ దూది గుర్తొచ్చేది. అడగకపోతే గుర్తు రాదు కదా అని మానేశాను.

చివరికి బయటపెట్టింది వదిన. పొయ్యి మీది చాయ్ గిన్నెను అన్న వట్టి చేత్తో దించి, దాన్ని పట్టుకునే ఏదో కబుర్లు చెబుతున్నాడట. అరచేయి బొబ్బలెక్కినా మాట ఆపలేదట. వదిన అరిచిన అరుపు పైదాకా వినబడింది. నరాల డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. మొదట్లోనే పని మానేసి వచ్చి ఉంటే చాలామటుకు తగ్గేది, ఇప్పుడు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడాయన. "కంపెనీలో పరీక్షలు చేయలేదా?" అని అడిగాడు. "చేసిండ్రు సార్, పాసైన" అన్నాడు అన్న, గర్వంగా. నేను నేల చూపులు చూశాను. అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు అన్నను స్టోర్ ఆఫీసులో కూర్చోబెట్టారు. పర్మనెంట్ కాబట్టి తీసేయలేదు. చొక్కా గుండీలు వదినే పెడుతుంది. మొన్న మా పెద్దమ్మ మనవరాలి పుట్టినరోజుకు వెళ్తే, భోజనాల దగ్గర ఎవరో ఉద్యోగం ఎట్లుందని అడిగారు. అన్న నా భుజం మీద చేయి వేసి అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"మా చెల్లె లేకుంటే నేను పర్మనెంటయ్యేటోన్నే కాదు. డాక్టర్ పరీక్షకు దగ్గర కూసుండి తయారు జేసింది. గిట్లయినంక కాంట్రాక్టోన్ని ఎవడుంచుకుంటడు?"

వదిన అప్పుడు అన్న పళ్లెంలో పప్పు కలిపి, ముద్దలు చేసి పెడుతోంది. పెడుతూనే నా వైపు తిరిగి, "నీ పుణ్యమే, సల్లగుండు" అంది.