మిగిలిపోయిన నట్టు

తెలంగాణ ఉద్యమం రోజులు. మేం కొత్తపేటలో ఉండేవాళ్లం. మెకానిక్‌లంతా దొంగలేనని మావారి నమ్మకం. దూరప్రయాణాలకని కొన్న పాత మోటార్‌సైకిల్ బ్రేకులు ఇంట్లోనే విప్పి, సామానంతా నా ఇడ్లీ ప్లేట్లలో పోసి, మళ్లీ బిగించారు. ఒక నట్టు మిగిలింది.

"గది ఉత్తదే" అని తేల్చేశారు, మహాజ్ఞాని!

బంద్ రోజు రోడ్లు ఖాళీ అని నన్నెక్కించుకున్నారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. ఈయన తొక్కగానే బ్రేకు కడ్డీ ఊడిపోయింది. జనం చెదిరిపోయారు, బండి వెళ్లి అన్నం గుండిగను గుద్దింది.

"కండ్లు కనవడ్తలేవా?" అంటూ ఒకామె గరిటెతో మీదికొచ్చింది.

ఈయన లేచి పిడికిలెత్తి, "జై తెలంగాణ!" అన్నారు. అందరూ జై కొట్టారు.

ఇప్పటికీ ఉద్యమంలో పాల్గొన్నానని చుట్టాలకు చెప్పుకుంటారు. అప్పుడు నేను పోపులడబ్బాలో దాచిన ఆ నట్టు తెచ్చి, ఆయన టీ కప్పు పక్కన పెడతాను.