మొదటి బిందె నీళ్లు

2022 వానాకాలం. అప్పటికే నేను శ్రీకాకుళం జిల్లాలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఊళ్ల నుంచి సీసాల్లో నీళ్లు వస్తాయి. వాటిలో ఫ్లోరైడెంత, ఇనుమెంత, క్రిములున్నాయా లేవా చూసి చెప్పడం మా పని. దాంతోపాటు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడడం నేర్పుతాం. అదొక చిన్న సూట్‌కేసంత పెట్టె. అందులో అందరికీ నచ్చేది హెచ్‌టూఎస్ వయల్ అనే బుల్లి సీసా. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకట్రెండు రోజులు ఉంచాలి. నీళ్లలో మలం కలిసిన జాడ ఉంటే సీసా నల్లబడుతుంది.

చాలా ఊళ్లలో ఈ శిక్షణ గ్రూప్ ఫొటోతో ముగుస్తుంది. పెట్టె ఎవరింటి అటకో ఎక్కుతుంది. కోటబొమ్మాళికి కాస్త దూరంలో ఉన్న ఆ ఊళ్లో మాత్రం అలా జరగలేదు. ఊరి పేరు చెప్పను.

నేను వెళ్లేసరికి అక్కడ పచ్చకామెర్లు ప్రబలి ఉన్నాయి. ఆరోగ్య సిబ్బంది వచ్చి రక్తపరీక్షలు చేశారు, మందులిచ్చారు, ట్యాంకులో క్లోరిన్ వేశారు. అయినా కొత్తగా పడకేసేవాళ్లు పడకేస్తూనే ఉన్నారు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. తప్పంతా అప్పలనర్సమ్మ టిఫిన్ కొట్టుదని. ఆమె మొగుడు పోయాక ఇడ్లీలు అమ్ముకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. నెల తిరక్కుండా ఆమె పొయ్యి ఆరిపోయింది.

చర్చి పక్క హాల్లో శిక్షణ పెట్టాం. నేను వయల్ చూపిస్తుంటే వెనకవరసలోంచి అప్పలనర్సమ్మ లేచింది.

"మేడమ్, ఈ సీసాలో నా సెట్నీ పోసి సూడొచ్చా?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "నా సెట్నీ వల్లే ఈ జబ్బు వొచ్చిందో నేదో నాకు తెలవాల," అంది.

మామూలుగా అయితే, నీళ్ల శాంపిల్ నేను పట్టుకెళ్తాను, ఫలితం చెబుతాను అని వచ్చేసేదాన్ని. ఎందుకో ఆ రోజు అలా అనబుద్ధి కాలేదు. "ఈ సీసా నీళ్లకే పనికొస్తుందమ్మా. కానీ నీ ప్రశ్న మంచిది. జవాబు తెలియాలంటే మనం ఏం చేయాలి?" అని అందరినీ అడిగాను.

కిరాణా కొట్టు పద్మ వెంటనే అందుకుంది. "సెయ్యడానికేటి ఉన్నాది? జబ్బొచ్చినోళ్లందరూ ఆ కొట్లో తిన్నోళ్లే."

"మా ఇంటోడు ఆ కొట్టు గుమ్మం తొక్కనేదు," అంది రూతమ్మ. ఆమె వ్యవసాయ కూలీ. "సీకటితోనే గంజి తాగి పొలం ఎల్లిపోతాడు. ఆడికెలా వొచ్చిందే పద్మా?"

రూతమ్మ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. ఆమె కూతురు పురిటికి వచ్చి ఆ ఇంట్లోనే ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ కామెర్లు ప్రాణం మీదికి తేవచ్చని డాక్టరు చెప్పాడట.

సండేస్కూలు సుద్దముక్కతో నేలమీద ఊరి వీధులు గీశాం. జబ్బుపడిన ప్రతి ఇంటి దగ్గరా ఒక చింతపిక్క పెట్టమన్నాను. ఎవరికి తెలిసిన ఇళ్లు వాళ్లు చెబుతున్నారు, ఒకరు మరిచింది ఇంకొకరు గుర్తు చేస్తున్నారు. అంతా అయ్యాక లేచి నిలబడి చూశాం. టిఫిన్ కొట్టు ఉన్న వీధి ఎగువ మొదట్లో పిక్కల్లేవు. అదే వీధి పల్లంలో, రూతమ్మ ఇంటి చుట్టూ, గుప్పెడు పిక్కలు పోగుపడ్డాయి.

"కుళాయి నీల్లేటో సూడాల," అన్నారు నలుగురూ.

మర్నాడు పల్లపు కుళాయిల నీళ్లు వయల్స్‌లో పట్టారు. శాంపిల్ పట్టేముందు కుళాయిని కాసేపు వదిలేయాలి. పెద్ద పైపులో నీళ్లెలా ఉన్నాయో తెలియడానికి ల్యాబ్‌లో పాటించే పద్ధతి అది. నేను నేర్పినట్టే వాళ్లు చేశారు. ఒక్క సీసా కూడా నల్లబడలేదు. నేను పట్టుకెళ్లిన శాంపిలూ శుభ్రంగానే తేలింది. ఊళ్లో "సూసేరా, సెట్నీయే!" అన్న మాట మళ్లీ లేచింది. అప్పలనర్సమ్మ పిల్లల్ని తీసుకుని కన్నవారింటికి పోవడానికి మూట కట్టుకుందట.

ఆ వారంలో నాకు ఫోనొచ్చింది. చేసింది అప్పలనర్సమ్మ కాదు, రూతమ్మా కాదు. పద్మ.

"మేడమ్, నాకో అనుమానం. కాసేపు వొదిలీసి పట్టమన్నారు కదా. ఇంట్లో మాం అలగ వొదలం. కుళాయి సుయ్ మనగానే బిందెట్టేత్తాం. మొదటి బిందే తాగడానికి. మరి మాం తాగే నీల్లు సూడనేదు కదా?"

"రేపే వస్తున్నాను," అన్నాను.

ఈసారి పరీక్ష ఎలా ఉండాలో వాళ్లే మాట్లాడుకుని తేల్చారు. ప్రతి కుళాయికీ రెండు సీసాలు, ఒకటి మొదటి నీళ్లకి, ఒకటి తర్వాతి నీళ్లకి. ఎగువ కుళాయిలూ చూడాలి. "సేతి మురికి వల్ల నల్లబడిందంటే ఏటి సెప్తాం?" అని పద్మే అడ్డం తిరిగింది. దానికి రూతమ్మ మార్గం చెప్పింది. కాచి చల్లార్చిన నీళ్లు కూడా అవే చేతులతో ఒక సీసాలో పోయాలి. అది నల్లబడకపోతే చేతుల తప్పు లేనట్టే. ల్యాబ్‌లో మేం దాన్ని కంట్రోల్ అంటాం, అంటే పోల్చి చూడడానికి పెట్టుకునే నమూనా. ఆ మాట వాళ్లకి నేను అప్పటిదాకా చెప్పలేదు.

ఫలితం చూడ్డానికి వెళ్లేసరికి హాలు నిండిపోయి ఉంది. కాచిన నీళ్లు మారలేదు. ఎగువ సీసాలు మారలేదు. పల్లంలో తర్వాతి నీళ్లూ మారలేదు. పల్లపు మొదటి నీళ్ల సీసాలు మాత్రం కాటుకలా ఉన్నాయి.

రూతమ్మ "ఇయ్యా మాం తాగినియ్యి?" అని గొణిగింది. ఆ పూటనుంచే పల్లంలో ప్రతి ఇంట్లో నీళ్లు కాచడం మొదలైంది.

"మొదటి నీల్లే ఎందుకిలగున్నాయి?" అని ఎవరో అడిగారు. నేను నోరు తెరిచేలోపే, పుట్టింటి ప్రయాణం ఆపుకుని వచ్చిన అప్పలనర్సమ్మ అంది. "ఇడ్లీ గిన్ని దించీసి మూత తియ్యకపోతే, సల్లారేక మూత పట్టేత్తాది. గిన్ని లోపలికి పీల్చుకుంటాది. పైపు కూడా అలగేటైనా పీలుత్తందా మేడమ్?"

అదే. పూటకి నీళ్లు వదిలి ట్యాంకు వాల్వు కట్టేశాక పైపులో నీళ్లు పల్లానికి జారిపోతాయి. లోపల వెలితి ఏర్పడుతుంది. పగులుంటే పక్కనున్నది లోపలికి లాక్కుంటుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురికి ముందుగా కుళాయిలోకి వస్తుంది, తర్వాత కడుక్కుపోతుంది.

అందరం వీధి వెంట నడిచాం. నడిమధ్యలో పైపు మురిక్కాలవలోంచి పోతోంది. పంచాయతీ సెక్రటరీ కుర్రాడు మంచివాడే, కానీ రోడ్డు తవ్వించడానికి జంకాడు. "సీసా రంగు చూసి తవ్వించేస్తే రేపు నన్నడుగుతారమ్మా," అన్నాడు.

రూతమ్మ ఖాళీ వయల్ ఒకటి అతని చేతిలో పెట్టింది. "మమ్మల్ని నమ్మొద్దు బాబూ. నువ్వే వొచ్చి నీల్లు పట్టు. నీ కాడే ఉంచుకో. నువ్వే సూడు."

అతను పట్టాడు. తన టేబుల్ మీదే ఉంచుకున్నాడు. అది నల్లబడ్డాక మనుషుల్ని పిలిచి తవ్వించాడు. మురిక్కాలవ అడుగున పైపు జాయింటు ఊడిపోయి, బురదలో నానుతోంది. పైపు మార్చారు, కాలవకి దూరంగా వేశారు. అటు తర్వాత మొదటి నీళ్ల సీసాలూ నల్లబడలేదు. మా ల్యాబ్ కూడా అదే చెప్పింది. అప్పటికే ఒంట్లో చేరిన జబ్బు కొన్నాళ్లు బయటపడుతూ వచ్చి, మెల్లగా ఆగిపోయింది. రూతమ్మ కూతురికి సుఖప్రసవమై ఆడపిల్ల పుట్టింది.

అప్పలనర్సమ్మ కొట్టు తెరిచింది. తెరిచేముందు తన కొట్టు నీళ్లు తనే అందరి ఎదుటా పరీక్ష చేయించుకుంది. ఇప్పుడు ఆ ఆడవాళ్లు చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి కిట్ వాడకం నేర్పుతున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను పరీక్షించిన సీసాలకు లెక్కలేదు గానీ, నా పని గురించి ఎవరికైనా గర్వంగా చెప్పాలంటే ఆ ఊరి సంగతే చెబుతాను.

పరీక్ష చెయ్యడం ఎవరికైనా ఒక పూటలో నేర్పొచ్చు. నేననుకున్నది తప్పేమో చూద్దాం అన్న బుద్ధి ఒకరు నేర్పితే వచ్చేది కాదు. నలుగురు కూర్చుని, ఒకరి మాటనొకరు కాదంటూ, కలిసి వెతికితేనే వస్తుంది. ఆ ఊరు నాకు నేర్పింది అది.

ఈ మధ్య పద్మని అడిగాను. "చట్నీ వల్లేనని అందరికన్నా గట్టిగా అన్నది నువ్వే కదా. నాకు ఫోన్ చేసిందీ నువ్వే. చెయ్యకపోతే నీ మాటే నెగ్గేది."

ఆమె పప్పు తూస్తూ తలెత్తకుండానే చెప్పింది. "తూకంరాయి తప్పని తెలిసేక కూడా దాంతోనే తూస్తామేటి మేడమ్?"