కళ్ళు లేని ఫౌజు

నా నోట్లో ఉన్న పళ్ళు సువార్త చేసినవి. పైవరసా ఆమెదే, కిందివరసా ఆమెదే. తిరుమలగిరి లాల్‌బజార్‌లో మా గల్లీ ముసలివాళ్ళు నవ్వితే అందులో సగం నవ్వు ఆమె చేతి పనే. క్లాక్‌టవర్ దగ్గర ఒక పళ్ళ ల్యాబులో ఆమె ఉద్యోగం. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపుతారు. సువార్త మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నుకూ రంగు చూసి నిలబెడుతుంది. నావి చేసేటప్పుడు "మరీ తెల్లగ వద్దు చిన్నమ్మా, ఎవరూ నమ్మరు" అని, వక్క నమిలిన పళ్ళలాగా కొద్దిగా పసుపు కలిపింది. విమలమ్మా, ఈ వయసులో పళ్ళన్నీ ఎట్లా నిలబెట్టుకున్నావని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు.

ఆమె తండ్రి జకర్యా పంతులు తెనాలి వైపు నుంచి ఇక్కడి బడిలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ ఇంట్లోనే సువార్త పుట్టింది, తల్లిదండ్రులను సాగనంపింది, నలభై దాటినా ఒక్కతే ఉంది. పెళ్ళెందుకు చేసుకోలేదని నేను అడగని పండగ లేదు. "మీరు అడిగే తీరు చూసే భయమైంది" అంటుంది. ఆదివారం చర్చిలో క్వయర్ ముందు నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. ఆ గొంతు మా వంటింటి దాకా వినపడుతుంది.

ఇంతవరకూ గల్లీ అంతటికీ తెలిసిందే. తెలియనిది ఒకటుండేది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి తలుపులు మూసి ఉండేవి. పట్టపగలు తలుపులు మూసుకునే ఇల్లు మా గల్లీలో ఇంకొకటి లేదు. నా చదువు నాలుగో తరగతిలో ఆగింది గాని, తెలుసుకోవాలనే జబ్బు ఆగలేదు. ఒకరోజు కరివేపాకు కావాలని వెళ్ళి తలుపు తట్టాను.

"మీ పెరట్ల చెట్టు ఎండిందా చిన్నమ్మా?"

"ఎండలేదు, ఏం లేదు. లోపల ఏం జేస్తున్నవే?"

సువార్త నవ్వి తలుపు బార్లా తెరిచింది.

భోజనాల బల్ల మీద యుద్ధం జరుగుతోంది. అంగుళమంత మనుషులు, ఒక్కొక్కరూ ఒక్కో చొక్కా గుండీ మీద నిలబడి ఉన్నారు. లోపల సన్నటి తీగ, పైన పళ్ళ మైనం, దాని మీద పళ్ళకు వేసే కుంచెతో వేసిన రంగులు. వంగి చూశాను. చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకున్న ఆడవాళ్ళు. పూసలతో చేసిన బిందెలు. ఒకామె భుజం మీద నీళ్ళ పైపు. వెనక పౌడరు డబ్బాకు చక్రాలు పెట్టి చేసిన నీళ్ళ ట్యాంకరు. అందరికంటే ముందు చీపురు ఎత్తి పట్టుకుని ఒక లావుపాటామె. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు.

ఆ చీర నాది.

"నన్ను జేసినవా?"

"ట్యాంకర్ వచ్చిన రోజు మీరెట్ల ఉంటరో అట్లనే చేసిన. మీరు జనరల్."

అది ఆట అని చెప్పింది. బల్ల మీద రెండు ఫౌజులు నిలబెట్టి, టేపుతో కొలిచి నడిపించి, పాచికలు వేసి కొట్లాడుకోవాలి. రూల్స్ నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుందట. ఎవరి ఫౌజును వాళ్ళు తయారు చేసుకోవచ్చు. మా బిందెలవాళ్ళు బల్లేలవాళ్ళ కింద లెక్క, ట్యాంకరు ఏనుగు కింద లెక్క.

"మరి ఎదురుంగ ఆడేదెవరు?"

"నేనే. నా వంతు అయినంక లేచి అటు కూసుంట. అటు వంతు అయినంక ఇటొస్త."

ఏళ్ళ తరబడి అలాగే ఆడిందట. అదేదో అన్నం వండుకున్నానన్నంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం బల్లకు అవతలున్న ఖాళీ కుర్చీ వైపు చూడబుద్ధి కాలేదు. ఆ చూపు తిప్పుకోబోయి నా బొమ్మనే మళ్ళీ చూశాను. బొట్టు ఉంది, ముక్కుపుడక ఉంది, అరుస్తున్న నోరు ఉంది. కళ్ళు లేవు. కనుబొమల కింద ఒక ముదురు నీడ, అంతే.

"నా కండ్లేవే?"

"ఎవరికీ పెట్టలే చిన్నమ్మా."

చిన్నప్పుడు కొవ్వొత్తి మైనంతో బొమ్మలు చేస్తుంటే జకర్యా పంతులు వద్దనలేదట. "చేసుకో అమ్మా, కళ్ళు మాత్రం పెట్టకు. కళ్ళు పెడితే ఎవరో ఒకరు దండం పెడతారు" అన్నాడట. ఆ మాట ఇన్నేళ్ళూ దాటలేదు.

"అందరివీ పోనీ, నాయి పెట్టు. కండ్లు లేకుంటే నేను నేనెట్లయిత?"

"మీకు పెడితే ఎవరింట్ల ఏం ఉడుకుతున్నదో అంతా చూస్తరు. ఫౌజంతా పరేషాన్ అయితది."

ఆ ఏడాది ఆమె సైనిక్‌పురిలో ఒక పళ్ళ డాక్టరుకు సరుకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గోడకు అంటించిన కాగితం చూసింది. ఇలాంటి ఆటలాడే వాళ్ళందరూ అక్కడ ఒక క్లబ్బు హాల్లో కలిసి పోటీ పెట్టుకుంటున్నారు. దాన్ని కన్వెన్షన్ అంటారట. పేరు ఇచ్చి వచ్చింది. తెలంగాణ బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి ఒక ఆదివారం ఖాయమైంది.

"గెలుసుడు కోసం గాదు చిన్నమ్మా. ఎదురుంగ ఒక మనిషి కూసుంటే ఎట్లుంటదో ఒక్కసారి చూడాలె."

మా గల్లీలో మాటకు రెక్కలుంటాయి. ముందురోజు సాయంత్రమే చర్చి సంఘపెద్ద జీవరాజుగారు వచ్చాడు. అప్పటికే నేను అక్కడ కూర్చుని, ఒక్కొక్క బొమ్మకూ పత్తి చుట్టి స్టీలు క్యారియర్ గిన్నెల్లో పడుకోబెడుతున్నాను.

"అమ్మా సువార్తా, విగ్రహాలను ఊరేగిస్తున్నావని విన్నాను" అన్నాడు.

"ఊరేగింపు కాదండి, ఆటోలో తీసుకెళ్తున్నాను."

"నవ్వులాట కాదు. క్వయర్ ముందు నిలబడే మనిషివి. నిన్ను చూసి సంఘం ఏం నేర్చుకోవాలి?"

"కళ్ళు లేవండి వాటికి. నాన్న మాట మీద పెట్టలేదు. మీరే చూడండి."

గిన్నెలోంచి ఒక బొమ్మ తీశాడు. అది నేనే. పత్తి ఊడదీసి, అటూ ఇటూ తిప్పి, తలకిందులు చేసి చూశాడు.

"నెమ్మదిగ పట్టుకోండి, నడుము నొప్పి మనిషిని" అన్నాను.

ఆయన నవ్వలేదు. "కళ్ళున్నా లేకున్నా బొమ్మ బొమ్మే. మనిషి చేత్తో చేసిందే. రేపు నువ్వు అక్కడికి వెళ్తే, వచ్చే ఆదివారం నుంచి క్వయర్‌లో నిలబడే పని లేదు."

 నేను ఊరుకోలేదు.

"జీవరాజుగారూ, మీ నోట్ల పండ్లు ఎవరి చేత్తోని చేసినయి?"

ఆయన పెదవులు దగ్గరికి బిగించి, సందులోంచి "అది వైద్యం" అన్నాడు. నన్ను గిన్నెలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

సువార్త ఆ బొమ్మకు మళ్ళీ పత్తి చుట్టింది. "లంగా జాకెట్ వేసుకున్నప్పటి నుంచి పాడుతున్న చిన్నమ్మా అక్కడ" అంది. పోవద్దులే అంటుందేమో అనుకున్నాను. లేచి, గిన్నె మీద గిన్నె పెట్టి, క్యారియర్ కొక్కెం టక్కున బిగించింది. "రేపు ఆరాధన అయినంక పోదం. తయారుగుండుండ్రి. మీరు లేకుంటే నా ఫౌజుకు జనరల్ లేదు."

ఆటో నేరేడ్‌మెట్ మలుపు తిరుగుతుంటే డ్రైవరు వెనక్కి చూసి "అమ్మా, క్యారియర్ల బిర్యానీయా?" అన్నాడు.

"ఫౌజు" అంది సువార్త. అతను ముందుకు తిరిగి హారన్ కొట్టాడు.

హాలు గుమ్మంలో నల్ల టీషర్టు అబ్బాయి ఒకడు పేర్లు చూసుకుంటున్నాడు. మా క్యారియర్ చూడగానే చెయ్యి చాచి దారి చూపించాడు. "ఆంటీ, వంటవాళ్ళకు వెనక గేటు."

"వంటకు రాలే. ఆడనీకొచ్చిన. సువార్త అని పేరుంటది, చూడు."

చూశాడు. ఉంది. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఈ ఆంటీ?"

"మా జనరల్" అంది. నేను కొంగు సర్దుకున్నాను.

లోపల పెద్ద పెద్ద బల్లలు, వాటి మీద పచ్చగుడ్డలు, కొండలు, కోటలు, వంతెనలు. అంతా ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్ళు. చీరలో ఉన్నది మేమిద్దరమే. సువార్తకు చూపించిన బల్ల దగ్గర ఒక్కొక్కరి పత్తి విప్పి నిలబెట్టాం. ట్యాంకరు పెట్టేసరికి చుట్టూ జనం చేరారు. బిందెలు చూసి పగలబడి నవ్వారు, ఫోనులతో ఫోటోలు తీశారు. వెక్కిరింత నవ్వు కాదది. పక్క బల్లల వాళ్ళు కూడా ఆట ఆపి వచ్చారు.

అప్పుడు నల్ల టీషర్టు అబ్బాయి వచ్చి వంగి చూశాడు. "ఆంటీ, కళ్ళు వెయ్యలేదే. పోటీ బల్ల మీదికి పూర్తిగా రంగు వేసిన బొమ్మలే రావాలి. మొహాలు సగంలో ఉన్నయి. రంగులిస్త, అర్ధగంట టైమిస్త. రెండు రెండు చుక్కలు పెట్టేయండి, అయిపోతది."

కుంచె తెచ్చి ఆమె చేతికిచ్చాడు. నేనూ ఆగలేదు. "పెట్టెయ్యి బిడ్డా. రెండు చుక్కలే గద. ఇంత దూరం వచ్చినం. మీ నాయన ఏమనుకోడు."

సువార్త కుంచెను వేళ్ళ మధ్య కాసేపు తిప్పింది. తరవాత బల్ల మీద పెట్టేసింది.

"పెడితే విగ్రహమని మా నాయన. పెట్టకున్నా విగ్రహమేనని జీవరాజుగారు. పెట్టకుంటే బొమ్మే గాదని నువ్వు. నా బొమ్మల మొఖాల మీద ఊరందరి పెత్తనమేనా? నేను చేసిన, నేను చెప్తున్న. ఇవి అయిపోయినయి."

"అట్లయితే పోటీల లెక్కకు రాదు ఆంటీ."

"రాకుంటే రాకపాయె. బల్ల మీదికెళ్ళి మాత్రం తియ్య."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ అబ్బాయి బుర్ర గోక్కున్నాడు. ఆమెతో ఎదురు ఆడవలసినాయన బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. తెల్లమీసాల మనిషి, పేరు తుకారాం, హవల్దారుగా రిటైరై సైనిక్‌పురిలోనే ఉంటున్నాడు. ఆయన ముందు ఇనుప టోపీల సిపాయిలు బారులు తీరి ఉన్నారు.

"నేను ఆడనీకొచ్చిన బేటా, లెక్కలకు గాదు" అన్నాడు ఆ అబ్బాయితో. "సర్వీసుల ఎవని కండ్లు చూసి కొట్లాడినం? షురూ చెయ్యమ్మా."

ఆట మొదలైంది. సువార్త టేపు పట్టి కొలిచి బిందెలవాళ్ళను వంతెన దాకా నడిపించింది, పాచికలు వేసింది. తన వంతు అయిపోగానే లేచి, బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకు నడిచింది. అక్కడ కుర్చీలో తుకారాం ఉన్నాడు. ఆయన తలెత్తి చూశాడు. ఆమె ఆగిపోయింది.

"ఇప్పుడు నాదమ్మా వంతు" అన్నాడు ఆయన మెల్లగా.

"అవును గదా" అంది. వెనక్కి వచ్చి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అనుకోవాలి మరి.

ఆ తరవాత ఆమెను పట్టడం నా వల్ల కాలేదు. అరిచింది, ఆయన పాచికలను తిట్టింది, ట్యాంకరును ఆయన సిపాయిల మీదికి తోలింది. మధ్యలో ఇనుప టోపీలు నా చుట్టూ చేరాయి. "మీ ప్రాణం మీరే చూసుకోండ్రి చిన్నమ్మా" అని పాచిక నా చేతిలో పెట్టింది. గవ్వలాటలో నన్ను కొట్టినవాళ్ళు లేరు. గలగలలాడించి వేశాను. ఒకటి పడింది. తుకారాం చెయ్యి చాచి నన్ను తీసి బల్ల అంచున పడుకోబెట్టాడు.

"ఏందిది? ఏం జేస్తున్నవన్నా?"

"మీరు పోయిన్రమ్మా."

"చీపురు ఉండంగ నేనెట్ల పోత?"

హాలంతా నవ్వింది. నేను పోయాక ఫౌజు కూడా ఎంతోసేపు నిలవలేదు. వంతెన పోయింది, ట్యాంకరు పోయింది. సువార్త ఓడిపోయింది. తుకారాం లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

గోడకు పెద్ద తెల్లబోర్డు ఉంది. ఎవరు ఎవరి మీద గెలిచారో రాస్తున్నారు. క్యారియర్ సర్దుతూ సువార్త నల్ల టీషర్టు అబ్బాయిని పిలిచింది. "నా పేరు ముందట ఏం రాసినవు?"

"ఆడలేదని రాసిన ఆంటీ."

"ఓడిన అని రాయి."

"లెక్కల లేదు గదా. ఓడినట్టు రాస్తే మీకే బాగుండదు."

"రెండు గంటలు కొట్లాడి ఓడిన. మా చిన్నమ్మ చచ్చిపాయె. ఆడలేదని ఎట్ల రాస్తవు?"

తుకారాం కూడా దగ్గరికి వచ్చాడు. "మరి నేను గెలిచింది ఎవరి మీద బేటా? గాలి మీదనా?"

ఆ అబ్బాయి అటు చూసి ఇటు చూసేలోపు సువార్త వెళ్ళి, రాసింది చేత్తో తుడిచేసి, పెన్ను తీసుకుంది. బోర్డంతా ఇంగ్లీషు. దాని మధ్య గుండ్రంగా తెలుగులో రాసింది: సువార్త, ఓడింది. ఆ గోడ మీద నాకు చదవొచ్చింది అదొక్కటే. ఎవరూ తుడవలేదు.

తరవాతి ఆదివారం నేను చర్చి గేటు దగ్గర కూరగాయల బండి పక్కన నిలబడ్డాను. వంకాయలు కొననూ లేదు, ఇంటికి పోనూ లేదు. జీవరాజుగారు మెట్ల మీదే ఉన్నాడు. తెల్లచీర కట్టుకుని సువార్త వచ్చింది.

"అమ్మా, చెప్పాను కదా" అన్నాడు ఆయన అడ్డంగా నిలబడి.

"చెప్పారండి. విన్నాను. వెళ్ళాను, ఆడాను, ఓడాను. అవి విగ్రహాలు కావు, నేను మానను. పాట టైమైంది, జెర జరగండి."

ఆయన జరిగాడో, ఆమే పక్కనుంచి పోయిందో, వంకాయల బండి అడ్డమొచ్చి నాకు సరిగ్గా కనపడలేదు. తలుపులోంచి చూస్తే ఆమె ఎప్పటి చోటనే నిలబడి ఉంది. ఆ చోటికి ఇంకెవరూ రాలేదు. సువార్త పాట ఎత్తుకుంది. జనమంతా లేచి అందుకున్నారు. అందరూ పాడుతుంటే సంఘపెద్ద ఒక్కడు నోరు మూసుకుని ఎంతసేపు నిలబడతాడు? జీవరాజుగారు కూడా నోరు తెరిచాడు. ఆ పళ్ళు ఎవరి చేతి పనో నేను గేటు దగ్గర నుంచే గుర్తుపట్టాను.