టులెట్ బోర్డు మీద నా నంబరు

చిట్కుల్‌లో మా నాయిన కట్టిన రూముల ముందు టులెట్ బోర్డు మీద ఇప్పుడు నా ఫోన్ నంబరు ఉంది. ఆయన నంబరు మీద తెల్లరంగు వేయించి నాది రాయించాను. ఎవరైనా అడిగితే ఆయన మంచికే అంటాను.

నాయిన సగం వయసు సేద్యంలో, సగం వయసు ఫ్యాక్టరీలో గడిపాడు. మిగిలిన మెట్ట చెలకలో వరుసగా రూములు వేశాడు. కిరాయికి వచ్చేది ఎక్కువగా బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన పనివాళ్లు. ఆధార్ కార్డు తర్వాత సంగతి. ముందు ఫ్యాక్టరీలో నేర్చిన హిందీలో, "గావ్ మే క్యా బోతే?" అని మీ ఊళ్లో ఏం పంట వేస్తారని అడిగేవాడు. విత్తనం ఎప్పుడు పడుతుందో, తడి ఎప్పుడు పెట్టాలో తడుముకోకుండా చెప్పినవాడికి తాళంచెవి ఇచ్చేవాడు. అట్లా ఇచ్చిన వాళ్లెవరూ ఆయన్ని ముంచలేదు. నాకు మాత్రం ఆ పరీక్ష నవ్వులాటగా ఉండేది. నేను సంగారెడ్డిలో టీచర్ని, ఉండేది పోతిరెడ్డిపల్లిలో. చెప్పడం నాకు బాగా వచ్చు, వినడమే తక్కువ.

మొన్న చలికాలంలో ఒకడు నాయినకు ఫోన్ చేశాడు. మిలిటరీలో ఉన్నానని, ఇటు బదిలీ అయిందని, రెండు రూములు కావాలని అన్నాడు. నాయిన తన ప్రశ్న అడిగాడు. వాడు ఆవాల చేను గురించి, పూత మీదున్నప్పుడు పట్టే పేనుబంక గురించి వివరంగా చెప్పాడట. ఇక నాయిన కరిగిపోయాడు. అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే నీ ఖాతాలో పడుతుందన్నాడు వాడు. నాయిన కొట్టాడు. డబ్బులు పడలేదు సరికదా, ఖాతాలో ఉన్నవీ పోయాయి.

సంగతి తెలియగానే బ్యాంకుకు పరిగెత్తాను, పోలీసులకు ఫిర్యాదు పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. మనకు పైసలు రావాలంటే పిన్ కొట్టే పనే ఉండదని ఆయనకు నెమ్మదిగా చెబితే సరిపోయేది. పిల్లలకైతే పదిసార్లు చెబుతాను. ఆయనకు ఒక్కసారి చెప్పే ఓపిక లేకపోయింది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న కిరాయివాళ్ల ఆడవాళ్లు వింటుండగానే నోరు పారేసుకున్నాను.

"పంట ముచ్చట చెప్పంగనే నమ్ముతవా? మనుషుల్ని గుర్తువట్టుడు నీకు రాదు నాయినా."

ఆయన తలెత్తలేదు. "గట్లనే ఉన్నది బిడ్డా," అన్నాడు.

ఆ రోజే ఆయన ఫోన్లో పైసల యాప్ తీసేశాను. తెలిసిన నంబర్లు తప్ప వేరేవి మోగకుండా చేశాను. తర్వాత బోర్డుకు రంగు వేయించాను. పిల్లవాడి చేతిలోంచి కత్తెర లాక్కున్నంత ధీమాగా చేశాను ఇదంతా. రూముల కోసం ఫోన్లు ఇప్పుడు నాకు పాఠం మధ్యలో వస్తాయి. కట్ చేస్తాను. తిరిగి చేయడం మరిచిపోతాను. రెండు రూములు ఖాళీగానే ఉన్నాయి. నాయిన వాటి గురించి ఒక్కసారీ అడగలేదు. నేను కూడా ఆయన్ని ఏమీ అడగలేదు.

పోయిన ఆదివారం కూర పట్టుకుని చిట్కుల్ వెళ్లాను. నాయిన గేటు పక్కన స్టూలు మీద కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. నేను వంటింట్లో గిన్నె సర్దుతుంటే సంచులతో ఒక కొత్త జంట వచ్చి, రూమ్ ఖాళీ ఉందా అని హిందీలో ఆయన్ని అడిగింది. నాయిన వాళ్ల ఊరు అడగలేదు, పంట అడగలేదు.

"ముఝే నహీ మాలూమ్ బేటా," అని తనకు తెలియదన్నాడు. బోర్డు మీద నంబరుంది, దానికి ఫోన్ చేయమని చెప్పాడు.

నా ఫోన్ మోగింది. కొత్త నంబరు. అలవాటుగా వేలు కట్ చేయడానికే పోయింది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఆ అబ్బాయి ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. మోగుతున్న ఫోనుతోనే బయటికొచ్చాను.

"నాయినా, నువ్వే మాట్లాడు. ఏం పంటలు ఏస్తరో అడుగు."

చేతిలోని పల్లికాయ ఒలవడం పూర్తిచేసి, పొట్టు పక్కకు దులిపాడు.

"నాకు గుర్తువట్టుడు రాదు గదా బిడ్డా. నువ్వే సూడు."

కోపంతో అనలేదు, ఎత్తిపొడవనూ లేదు. నిజంగానే అట్లా నమ్మి అన్నాడు.