తప్పిపోయిన వాక్యం

ఆ వీధిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఎర్రసిరాగారిల్లు ఎక్కడ అంటే చాలు, గేటు దాకా తీసుకెళ్లి దింపేవారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఉద్యోగం మానారు గాని దిద్దడం మానలేదు. శుభలేఖ వస్తే ముందు తప్పులు చూసి, ఆ తర్వాత ఎవరి పెళ్లో చూసేవారు. ఒకసారి పరామర్శకు వెళ్లి గుమ్మంలోనే, “పోయినాయన దేవుడండీ. కార్డులో మాత్రం ‘స్వర్గస్తులు’ అని వేశారు, అది ‘స్థ’ ఉండాలి” అన్నారు. అంత దుఃఖంలోనూ ఆ ఇంటివాళ్లకు నవ్వు ఆగలేదు.

వీధి నవ్వుకుని ఊరుకుంది. కూతురు ఊరుకోలేకపోయింది.

రెండు గంటల బస్సు దూరంలో ఉండే ఆ ఒక్కగానొక్క కూతురు మూడేళ్ల క్రితం ఆయనకు ఒక ఉత్తరం రాసింది. చిన్నప్పటినుంచి ఎదురుగా చెప్పలేనివన్నీ కూడబెట్టుకుని రెండు పేజీలు. ‘నువ్వు ఒక్కసారైనా బాగుందమ్మా అనలేదు నాన్నా’ అన్నది అందులో ఒక మాట. ఎర్రసిరాగారు దాన్ని రెండుసార్లు చదివి, దిద్ది, మార్జినులో ‘భావం బాగుంది. వాక్యాల పొడవు తగ్గించాలి’ అని రాసి, తిరుగు టపాలో పంపేశారు. ప్రేమతోనే పంపారు. ఆయనకు తెలిసిన ముద్దు అదే మరి!

అప్పటినుంచి కూతురు తల్లికే ఫోన్ చేసేది. వెనకనుంచి ఆయన దగ్గినట్టు వినిపిస్తే, “ఉంటానమ్మా” అని పెట్టేసేది. ఆయన మాత్రం ఫోన్ మోగిన ప్రతిసారీ ఒకసారి దగ్గి చూసేవారు.

ఇక దేవుడి సంగతి. ఆదివారాలు భార్యతో చర్చికి వెళ్లేవారు గాని, ఆయన దృష్టిలో దేవుడంటే అందరికంటే పెద్ద ప్రూఫ్ రీడరు. మనుషుల బతుకులు కట్టలు కట్టి ముందేసుకుని, కలం దించకుండా గీతలు పెడుతూ ఉంటాడు. తన కట్ట ఏనాడు విప్పుతాడోనని లోపల గుబులు. బైబిలు సొంతంగా తెరిచిన పాపాన పోలేదు.

తెరిపించింది బైండరు. ఒకే అచ్చాఫీసులో పనిచేసిన స్నేహం. ఇప్పుడు మార్కెట్ వెనక చిన్న కొట్టు పెట్టుకున్నాడు.

“అందరి తప్పులూ పట్టావు గాని బావా, బైబిల్లో ఒక్కటి పట్టు చూద్దాం” అన్నాడు ఒకరోజు, జిగురు చేతులు తుడుచుకుంటూ.

ఎర్రసిరాగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాటినుంచి కిటికీ పక్కన బల్ల, లైను కింద స్కేలు, చేతిలో కలం. నెలలు గడిచాయి. ఒక్క తప్పూ దొరకలేదు. కాని అచ్చుతప్పు కోసం కూర్చున్న మనిషి కథలో పడి స్కేలు జరపడం మరిచిపోయిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ సంగతి బైండరుకు చెప్పలేదు.

ఒక ఉదయం, “దొరికింది!” అని కేక పెట్టారు.

భార్య గరిటెతో పరుగెత్తుకొచ్చింది. “ఏం దొరికిందండీ? కళ్లజోడా?”

“లైను ఎగిరిపోయింది! యేసు చెప్పిన కథలో, ఆస్తంతా తగలేసి తప్పిపోయిన కొడుకు పందుల దగ్గర కూర్చుని, తండ్రితో ఏం చెప్పాలో వల్లె వేసుకుంటాడు. పాపం చేశాను, కొడుకునని చెప్పుకోవడానికి తగను, కూలివాడిగా పెట్టుకో. మూడు మాటలు. తీరా ఇంటికొచ్చి రెండే చెప్పాడు. కూలివాడి మాట లేదు. అక్షరాలు పేర్చే కంపోజిటరు నిద్రపోయాడు!”

చెప్పులు సరిగా తొడక్కుండానే బైండరు కొట్టుకు పరుగు. అట్టలు వేయడానికొచ్చిన బైబిళ్లు అక్కడ మూడున్నాయి, మూడు వేర్వేరు అచ్చులవి. మూడింట్లోనూ అంతే.

“ముగ్గురు కంపోజిటర్లూ ఒకే లైను దగ్గర కునుకు తీశారా బావా?” అన్నాడు బైండరు.

ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చారు. భార్య బఠానీలు ఒలుస్తూ, “ఏదీ, ఒకసారి చెప్పండి. రెండు మాటలన్నాడు. తర్వాత?” అంది.

“తర్వాత తండ్రి పనివాళ్లను కేకేశాడు. మంచి బట్టలు తెమ్మని, ఉంగరం తెమ్మని.”

“ఇంకేం? మూడో మాట చెప్పనిస్తేగా వాణ్ణి! మధ్యలోనే అడ్డం పడ్డాడు. కంపోజిటరు నిద్రపోలేదండీ, తండ్రికి ఆత్రం ఆగలేదు.” ఒక బఠానీ నోట్లో వేసుకుని ఆవిడ మళ్లీ అంది, “అదే మీరైతేనా, మొత్తం విని, పొడవు తగ్గించమనేవారు.”

ఆయన కలం పక్కన పెట్టారు. మళ్లీ ఆ పేజీ దగ్గర కూర్చున్నారు. వాడింకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తాడని అక్కడే ఉంది. తప్పుల కోసం చూస్తూ దాన్ని దాటేశారు. ఆ కొడుకు ఒంటినిండా తప్పులే. తండ్రి ఒక్కటీ గుర్తు పెట్టలేదు, మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. అన్నం చల్లారిపోయింది. భార్య రెండుసార్లు పిలిచింది.

“ఇన్నాళ్లూ దేవుడని నేను భయపడింది ఈయనకు కాదే,” అన్నారు చివరికి. “ఎవరికో!”

మర్నాడు పొద్దున్నే బస్సెక్కారు. తలుపు తీసిన కూతురు ఆయన్ని, ఆయన వెనక తల్లి ఉందేమోనని మెట్లనీ చూసింది.

“అమ్మకేమైంది?”

“ఏం కాలేదమ్మా. నేనే వచ్చాను. నువ్వు రాసిన ఉత్తరం... ఉందా?”

“ఉంది. ఇంకేమైనా మిగిలాయా దిద్దడానికి?”

“లేదు. నువ్వు చదివి వినిపిస్తావేమోనని వచ్చాను.”

ఆమె తలుపు రెక్క వదిలి ఆయనకు దారి ఇచ్చింది. తర్వాత లోపలి గదిలోకి వెళ్లింది, బీరువా తెరిచిన చప్పుడైంది. కుర్చీ లాగి ఎదురుగా కూర్చుని, పుల్లవిరుపుగా మొదలుపెట్టింది. చెవితో వింటుంటే ఎక్కడ ఒత్తు తప్పిందో, ఎక్కడ దీర్ఘం పోయిందో తెలియలేదాయనకు. పదేళ్ల పిల్ల ఒకతె, మార్కుల కాగితం పట్టుకుని తండ్రి బల్ల పక్కన నిలబడి ఉండడం మాత్రం తెలిసింది. వంటింట్లో కుక్కరు మూడుసార్లు కూత వేసింది. ఇద్దరూ లేవలేదు.

మొదటి పేజీ అయిపోయింది. ఆమె గొంతులో విరుపు ఎప్పుడో పోయింది.

“రెండో పేజీలో బాగా తిట్టాను నాన్నా,” అంది, కాగితం తిప్పకుండా.

“చదువమ్మా,” అన్నారాయన, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. “కుక్కరు ఆపేసి రా. మెల్లగా చదువు.”